నా తల అడ్డొచ్చిన ఫొటో

నా ఫోన్ గ్యాలరీలో 23 వేల పైచిలుకు ఫొటోలున్నాయి. బిర్యానీలు, ట్రెక్కింగ్‌లు, ఆఫీసు వైట్‌బోర్డులు, ఎందుకు తీశానో నాకే తెలియని స్క్రీన్‌షాట్లు. వాటిలో మా తాత కనిపించేది ఒకే ఒక్కటి. అదీ ఆయన ఫొటో కాదు. 2018 సంక్రాంతికి ఊళ్ళో నేను తీసుకున్న సెల్ఫీ. వెనక గోడ మీద దండ వేసిన తాత ఫ్రేమ్ ఉంది. ఆయన ఎడమ చెవి, కొంచెం జుట్టు, చొక్కా కాలరు కనిపిస్తాయి. మిగతా మొహానికి నా తల అడ్డం.

అదే ఏడాది అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చింది. ఆ ఫ్రేమ్ పోయింది. ఇంట్లో తాతది ఇంకో ఫొటో లేదు.

ఏడేళ్ళు దాని గురించి ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు. ఈ జనవరిలో ఒక రాత్రి నానమ్మ ఫోన్లో ఉన్నట్టుండి అంది: "మీ తాత మొకం మర్సిపోతన్నాన్రా. కళ్ళు మూసుకుంటే సొక్కా కనబడతంది, నడక కనబడతంది. మొకం రాడం లేదు."

నానమ్మకి రెండేళ్ళ నుంచీ డయాలసిస్ చేస్తున్నారు. ఇలాంటి మాటని 'తర్వాత చూద్దాంలే' అనడానికి లేదు. నాలుగు రోజులు సెలవు పెట్టి, సికింద్రాబాద్‌లో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. పలాస, టెక్కలి, సముద్రం ఒడ్డు... చుట్టాలున్న చోటల్లా తిరిగి తాత మొహం వెతకాలన్నది ప్లాన్.

గోడల మీద ఉద్దానం

మాది వజ్రపుకొత్తూరు మండలంలో చిన్న ఊరు. పలాసలో దిగి ఆటో ఎక్కితే, కాశీబుగ్గ దాటాక రోడ్డుకి రెండు పక్కలా పచ్చదనం మొదలవుతుంది. జీడి, కొబ్బరి, పనస, మామిడి, మధ్యమధ్యలో మునగ. 'ఉద్యానవనం' అన్న మాటే వాడుకలో ఉద్దానం అయిందని మా పెద్దవాళ్ళు చెబుతారు. మొదటిసారి వచ్చినవాళ్ళు కోనసీమ అనుకుంటారు.

ఆ చెట్ల నీడన ఉన్న ఇళ్ళలోకి వెళ్తే ఇంకో ఉద్దానం కనిపిస్తుంది. పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా మా మండలాల్లో కిడ్నీ జబ్బు 1990ల నుంచీ మనుషుల్ని తీసుకుపోతోంది. నీళ్ళా, మట్టా, ఎండలో చేసే పనా, అన్నీ కలిసా? ఎన్ని పరిశోధనలు జరిగినా ఇదీ కారణమని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం నుంచి పైపుల్లో నీళ్ళు తెచ్చారు. దండలు వేసిన ఫొటోలు మాత్రం గోడల మీద అప్పటికే చాలా చేరిపోయాయి.

ఈసారి ఊళ్ళో ఆ ఫొటోల్ని మొదటిసారి జాగ్రత్తగా చూశాను. చాలామందిది నలభై, యాభై ఏళ్ళ వయసు. చాలావాటి వెనక నీలం రంగో తెలుపో ఉంది. అంటే పాస్‌పోర్ట్ సైజు ఫొటోని పెద్దది చేయించినవన్నమాట. పింఛనుకో, రేషన్ కార్డుకో, ఆస్పత్రి కార్డుకో తీయించుకున్నది. జబ్బు పడ్డాక తీసింది కాబట్టి బుగ్గలు పీక్కుపోయి, కళ్ళ కింద వాపులు. జీవితంలో ఒక్కసారీ కోటు తొడగని మనిషికి స్టూడియోవాళ్ళు కంప్యూటర్లో కోటు తొడిగారు. తోటలో గంతులేసిన మనిషి, జాతరలో తప్పెటగుళ్ళు ఆడిన మనిషి, పిల్లలకి ఇక మీదట ఆ ఆస్పత్రి మొహంతోనే మిగిలిపోతాడు.

మా గోడ మీద అదీ లేదు. ఖాళీ మేకు ఉంది.

ఆ మేకు కథ

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. లక్షల కొబ్బరి, జీడి చెట్లు ఒక్క పూటలో నేలకూలాయి. నేనప్పుడు విశాఖపట్నంలో ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం. సెల్ టవర్లు పడిపోయి ఇంటి నుంచి కబురు రావడానికే నాలుగు రోజులు పట్టింది. వెళ్ళేసరికి మా పెంకుటింటికి సగం కప్పు లేదు. ట్రంకు పెట్టెలో నీళ్ళు. ఆ నీళ్ళలో బట్టలు, పొలం కాయితాలు, రెండు ఆల్బమ్‌లు.

అమ్మ ఆల్బమ్‌లోంచి ఫొటోల్ని ఒక్కొక్కటిగా లాగి ఎండలో ఆరబెట్టింది. లాగినప్పుడల్లా బొమ్మ ప్లాస్టిక్ కవరుకి అంటుకుపోయి తెల్ల కాగితం చేతికొచ్చింది. తాత ఫ్రేమ్‌ని నాన్న విప్పాడు. ఫొటో అద్దానికి కరుచుకుపోయి ఉంది. మెల్లగానే తీశాడు పాపం. తాత భుజాలు కాగితం మీద, మొహం అద్దం మీద మిగిలాయి. అద్దం కడిగేశారు.

తప్పు ఎవరిదీ కాదు. ఫొటో కాగితం మీద బొమ్మ ఉండేది జెలటిన్ అనే పొరలో. తడిస్తే అది జిగురులా ఉబ్బుతుంది. ఆరుతూ దేనికి తగిలితే దానికి అతుక్కుపోతుంది. ఈ సంగతి మాకెవరికీ తెలియదు.

పలాస: జీడి వాసన, లేని నెగెటివ్‌లు

మర్నాడు నానమ్మని డయాలసిస్‌కి పలాస తీసుకెళ్ళాను. నాలుగు గంటలు పడుతుంది. ఆ టైమ్‌లో కాశీబుగ్గలో తిరిగాను. చిన్నా పెద్దా కలిపి వందల జీడిపప్పు యూనిట్లున్న జంట పట్నం ఇది. జీడి పిక్కల్ని ఉడికించే వాసన గాల్లో ఎప్పుడూ ఉంటుంది. పొట్టు తీసిన గుళ్ళని ఆడవాళ్ళు సైజుల వారీగా ఏరుతుంటారు. నానమ్మ కూడా ఇరవై ఏళ్ళు పిక్కలు కొట్టింది. ఆ పిక్కల రసానికి ఆమె వేళ్ళు నల్లబడి, మళ్ళీ మామూలవ్వలేదు.

తాత ఫ్రేమ్ ఫొటో తీసిన స్టూడియో ఇంకా ఉంది. ఇప్పుడు అక్కడ ఫ్లెక్సీ డిజైన్లు, ఆన్‌లైన్ అప్లికేషన్లు. లోపల ఉన్న పెద్దాయన్ని నెగెటివ్ గురించి అడిగాను.

"రీలు రోజుల్లో నెంబరేసి రిజిస్టరు రాసి పెట్టేవోళ్ళం బాబూ. చెమ్మకి అతుక్కుపోయి బూజెక్కితే పారబోసినాం. డిజిటల్ ఒచ్చినాక ఎవులు అడిగినారు?" అన్నాడు. కాసేపాగి ఆయనే అన్నాడు: "ఇప్పుడు ఆధార్ కార్డు పట్టుకొచ్చి, ఇందులో బొమ్మ పెద్దది చేసి ఇమ్మంటారు. మనిషి పోయినాక వస్తారు. గోరంత బొమ్మని ఎంత పెద్దది చేస్తే మాత్రం ఏటొస్తది?"

సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి ఆ ప్రశ్నకి జవాబు నాకు తెలుసు. లేని పిక్సెల్‌ని కంప్యూటర్ ఊహించి నింపుతుంది. ఏఐ యాప్‌లో ఆ చెవీ కాలరూ ఇస్తే మిగతా మొహం కూడా తయారుచేసి ఇస్తుంది. చాలా బాగుంటుంది కూడా. కానీ అది తాత కాదు, ఎవరో. నానమ్మకి ఎవరినో చూపించి 'ఇదిగో నీ మొగుడు' అనడానికి నాకు మనసొప్పలేదు.

టెక్కలి: పెళ్ళి ఆల్బమ్ అంచున

మూడో రోజు పొద్దున్నే జాతీయ రహదారి మీద బస్సులో టెక్కలి వెళ్ళాను. నీలి గ్రానైట్‌కి పేరున్న ఊరు. దారిలో పెద్ద పెద్ద రాతి దిమ్మెలు మోసుకుపోతున్న లారీలు కనిపిస్తాయి. మా మేనత్త ఇల్లు అక్కడే.

"ఏటిరా గుంటడా, ఇన్నాల్టికి గుర్తొచ్చిందేటి అత్త?" అంటూనే ప్లేటులో మందస కోవా పెట్టింది. తన పెళ్ళి ఆల్బమ్ బీరువాలో చీరల కింద ఉంది. 1998 నాటిది. తెరిస్తే అందరూ ఎర్రగా ఉన్నారు. అత్తకి మామీద కోపం వచ్చినట్టు కాదు, నిజంగానే ఎరుపు. పాత కలర్ ప్రింట్లలో మూడు రంగుల డైలు ఉంటాయి. వేడికి, తేమకి నీలి డై ముందు వెలిసిపోతే మిగిలేది ఎరుపే. పాత బ్లాక్ అండ్ వైట్ ఫొటోలో ఉండేది డై కాదు, వెండి రేణువులు. అందుకే చాలా ఇళ్ళలో తాతల ఫొటోలు బాగుండి, నాన్నల పెళ్ళి ఫొటోలు పాడవుతుంటాయి.

ఆ ఆల్బమ్‌లో తాత మూడు చోట్ల ఉన్నాడు. కాళ్ళు కడుగుతూ తల వంచుకుని ఒకటి. బంతిలో సాంబారు బకెట్‌తో పరుగెడుతూ అలుక్కుపోయి ఒకటి. గ్రూప్ ఫొటోలో ఎవరిదో మోచేయి వెనక ఒకటి. పిల్ల తండ్రి కదా, ఆ రోజు నిలబడడానికి ఆయనకి తీరికేది? మన పెళ్ళి ఆల్బమ్‌లన్నీ ఇంతే. కూర్చున్నవాళ్ళు మధ్యలో ఉంటారు, పని చేసినవాళ్ళు అంచుల్లో ఉంటారు.

నా మొహం చూసి అత్త అంది: "నాన్న పెళ్ళికి ముందు అండమాన్ ఎల్నాడు తెలుసా? అక్కడ స్నేహితుడితో స్టూడియోలో దిగినాడు. రెండు కాపీలు. ఒకటి మన ట్రంకులో ఉండేది, తిత్లీకి పోయింది. రెండోది ఆ తాత దగ్గరుండాల."

రెండు కాపీలు! మా భాషలో దీన్ని రిడండెన్సీ అంటారు. ఒక సర్వర్ మునిగినా ఇంకోటి బతికుండాలని లక్షలు పోసి మేం కట్టేది దాన్నే. తాత యాభై ఏళ్ళ కిందటే కట్టి పెట్టాడు. ఆ రెండో కాపీ భావనపాడు వైపు, సముద్రం ఒడ్డున ఉందట.

భావనపాడు: బియ్యం డ్రమ్ములో మొహం

టెక్కలి నుంచి సముద్రం వైపు వెళ్తే నౌపడ వస్తుంది. బ్రిటిష్ కాలం నుంచీ రైలు జంక్షన్. చుట్టూ ఉప్పు మళ్ళు. ఆ పక్కనే తేలినీలాపురం. ఏటా చలికాలానికి పెలికాన్లు, రంగు కొంగలు వచ్చి ఊళ్ళో చెట్ల మీద గూళ్ళు కట్టుకుంటాయి. జనవరి కాబట్టి చెట్లు పక్షులతో తెల్లగా ఉన్నాయి. కుర్రాళ్ళు వాటిని జూమ్ చేసి మరీ ఫొటోలు తీస్తున్నారు. నేనూ తీశాను. తీస్తుండగా సిగ్గేసింది. నా ఫోన్లో పెలికాన్లు అప్పటికే ఎన్నో ఉన్నాయి.

భావనపాడు దగ్గర ఆ తాత ఇల్లు వెతుక్కుని, ఎవరి మనవడినో చెప్పాను. ఆయన నన్ను చాలాసేపు చూశాడు. "నడక మీ తాతదే" అన్నాడు. తర్వాత లోపలికెళ్ళి బియ్యం డ్రమ్ము మూత తీసి, పాలిథిన్ సంచిలో చుట్టిన బిస్కెట్ డబ్బా బయటికి తీశాడు. పట్టాదారు పాస్‌పుస్తకం, రేషన్ కార్డు, ఆధార్, వాటి మధ్య ఫొటోలు. తుపాను కబురు వస్తే ఆయన మొదట చేసే పని డబ్బాని బిగుతు మూత ఉన్న డ్రమ్ములో పెట్టడమే. అందుకే తిత్లీ ఆ డబ్బా జోలికి రాలేదు.

అరచేతిలో పట్టే బ్లాక్ అండ్ వైట్ ఫొటో. గీసిన తెర ముందు ఇద్దరు కుర్రాళ్ళు, మేడ మెట్లు, పూలకుండీ. బెల్ బాటమ్ ప్యాంట్లు అద్దెకి తెచ్చుకున్నట్టు వదులుగా ఉన్నాయి. కుడివైపు వాడు నవ్వు ఆపుకుంటున్నాడు. ఆ ఎడమ చెవి నాకు తెలుసు. నా సెల్ఫీలో ఉన్న చెవి అదే.

వెనక్కి తిప్పితే ఇద్దరి పేర్లు, 'పోర్ట్‌బ్లెయిర్, 1974' అని సిరాతో రాసి ఉంది.

"పని దొరికిన మొదటి నెల జీతంతో దిగినాం" అన్నాడాయన. "ఊరికి ఉత్తరం రాస్తే, మా అమ్మకి సదవడానికి ఇంకో మనిషి కావాల. ఫొటో అయితే అమ్మే సూసుకుంటాది. బాగున్నాడా, సిక్కినాడా, ఎవులూ సదివి సెప్పక్కర్లేదు."

శ్రీకాకుళం వలసల గురించి నేను చాలా చదివాను. అండమాన్, హైదరాబాద్, చెన్నై, గల్ఫ్, గుజరాత్ రేవులు. ఈ నాలుగు మాటల్లో తెలిసినంత ఎక్కడా తెలియలేదు.

ఫొటో ఇమ్మని అడిగే ధైర్యం రాలేదు. ఆయనా ఇస్తాననలేదు. "ఇక్కడే తీసుకో" అన్నాడు. వసారాలో ఎండ పడని చోట తువ్వాలు పరిచి, ఫోన్లో స్కాన్ చేశాను. ముందు వైపు, తర్వాత పేర్లున్న వెనక వైపు. ఆ తర్వాత డబ్బాలో మిగిలినవన్నీ కూడా స్కాన్ చేసి ఆయన మనవరాలి ఫోన్‌కి పంపాను. డ్రమ్ము ఎంత గట్టిదైనా ఒక్కటే కదా.

"నాది కూడా తియ్యి"

నానమ్మ ఫోన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది.

"ఓలమ్మా, ఇంత బక్కగుండేవోడా!" అంది. వాళ్ళ పెళ్ళి 1976లో. ఈ ఫొటో నాటికి ఆమె ఆయన్ని చూసే లేదు. "ఇది మీ తాతే. కానీ నా మొగుడు కాదింకా."

ఆమె మర్చిపోయిన మొహం వేరు. పిల్లల తండ్రి, సాంబారు బకెట్ మనిషి, చివరి రోజుల్లో మంచం పట్టిన మనిషి. 2003లో పోయిన ఆ మొహాన్ని నేను తేలేకపోయాను. అది అద్దం మీంచి కడుక్కుపోయింది. కానీ ఆమె బొమ్మని మళ్ళీ పెద్దది చేయించింది. "కళ్ళు ఇయ్యే" అంది. "కళ్ళు మారలేదు."

తర్వాత నేను అడగకుండానే అంది: "నాది కూడా తియ్యి. లేకపోతే రేపు ఆస్పత్రి పుస్తకం మీద బొమ్మ పెట్టేస్తారేటో గోడకి."

పెరట్లో పనస చెట్టు కింద, సాయంత్రం వెలుగులో తీశాను. మొహం ఒక్కటే కాదు, మనిషంతా రావాలంది. ఫిస్టులా ఉన్న ఎడమ చేతిని పైట కింద దాచుకుంది. నల్లబడ్డ వేళ్ళున్న కుడి చేతిని మాత్రం ఒళ్ళో పైకి పెట్టుకుంది. అది కనబడాలట.

మీ ఇంట్లో ఈ వారమే

ఇది చదివి ఫోన్ పక్కన పెట్టే ముందు కొన్ని చిన్న పనులు. అన్నీ నేను ఆలస్యంగా నేర్చుకున్నవే.

గోడ మీది ఫ్రేమ్‌ల్ని ఈ రోజే ఫోన్లో తీయండి. మీరు అడ్డు లేకుండా. గూగుల్ ఫొటోస్కాన్ లాంటి ఉచిత యాప్‌లు అద్దం మీది మెరుపు రాకుండా తీస్తాయి. కుదిరితే స్కానర్‌లో 600 డీపీఐతో చేయించండి.

పేర్లు రాయండి. ఎవరు, ఏ ఊరు, ఏ ఏడు. ప్రింట్ వెనక మెత్తటి పెన్సిల్‌తో, నొక్కకుండా. పేరు లేని ఫొటో రెండు తరాల తర్వాత ఎవరో ఒకరి ఫొటో, అంతే.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుంచించుకుపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి. గూగుల్ ఫొటోస్‌లో ఉచిత అపరిమిత స్టోరేజ్ 2021 జూన్ 1తో ఆగిపోయింది. రెండేళ్ళు వాడని ఖాతాల్ని గూగుల్ తొలగించవచ్చు కూడా. కాబట్టి క్లౌడ్‌లో ఒకటి, హార్డ్‌డిస్క్‌లో ఒకటి, కాగితం మీద ఒకటి. కాగితం కాపీ ఇంకో ఊళ్ళో, ఇంకో చుట్టం ఇంట్లో ఉంటే మరీ మంచిది. తుపాను రెండు ఊళ్ళ ట్రంకు పెట్టెల్నీ ఒకేలా ముంచదు.

ఫొటోలు తడిస్తే లాగొద్దు, ఎండలో పెట్టొద్దు. అతుక్కుని ఆరిపోకముందే శుభ్రమైన చల్లటి నీళ్ళలో ఉంచి, వాటంతట అవి వదిలాక, బొమ్మ పైకి ఉండేలా నీడలో ఆరబెట్టండి. ఒకటి రెండు రోజుల్లోపే చేయాలి. 2011 సునామీ తర్వాత జపాన్‌లోని యమమోతో అనే ఊళ్ళో బురదలో దొరికిన సుమారు 7.5 లక్షల ఫొటోల్ని వాలంటీర్లు ఇలాగే ఓపిగ్గా శుభ్రం చేసి, స్కాన్ చేసి, సొంతదారుల్ని వెతికారు. ఇళ్ళు పోయినవాళ్ళు అక్కడికొచ్చి వెతుక్కున్నవి ఫొటోలే.

చివరిది. బతికున్నవాళ్ళని, బాగున్నప్పుడు తీయండి. పని చేస్తుండగా తీయండి. ఆధార్ కేంద్రంవాళ్ళు తీసేదాకా ఆగొద్దు.

తిరుగు రైలెక్కే ముందు పలాసలో ఆ స్టూడియోలోనే నాలుగు సెట్లు ప్రింట్ వేయించాను. మా ఇంటికి, అత్తకి, భావనపాడుకి, హైదరాబాద్‌లో నా గదికి. మా ఇంటి కాపీని నాన్న ఫ్రేమ్ కట్టించి, అద్దానికి తగలకుండా చుట్టూ అట్టముక్క పెట్టించి, ఆ పాత మేకుకే తగిలించాడు. అలవాటు కొద్దీ దండ కూడా తెచ్చాడు.

నానమ్మ వెయ్యనివ్వలేదు. "ఈ కుర్రోడికి దండేటిరా? ఇంకా పెళ్ళే అవలేదు" అంది.